నిజాం రాజ్యం పోయింది, కాగితం మిగిలింది

బూర్గంపాడు మండలంలో పోడు దరఖాస్తులు చేతబట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగే కూలీలను అడిగి చూడండి. లోపలికి పోగానే వినపడే మొదటి మాట ఒకటే అంటారు: "కాగితం ఏదీ?" 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనుడైతే 2005 డిసెంబరు 13కు ముందు నుంచి భూమి తన కిందే ఉందని చూపిస్తే చాలు. గిరిజనేతరుడైతే, వాడు ఎంత పేద దళిత కూలీ అయినా సరే, ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అడవిని నమ్ముకొని అక్కడే బతికినట్టు రుజువు చెయ్యాలి. 2005లోంచి 75 తీసేస్తే 1930. ఆనాడు ఈ గడ్డ మీద ఉన్నది ఢిల్లీ సర్కారు కాదు, మద్రాసు సర్కారూ కాదు. హైదరాబాదు నిజాం సర్కారు.

అంటే మన కూలీ తన తాత బతుకును నిరూపించుకోవాలంటే పోయి వెతకాల్సింది నిజాం దఫ్తరాల్లో. ఆ రాజ్యం 1947లో తనది స్వతంత్ర దేశమని ప్రకటించుకుంది. ప్రపంచంలో ఏ దేశమూ దాన్ని గుర్తించలేదు. 13 నెలలు తిరిగేసరికి కూలిపోయింది. అట్లాంటి రాజ్యం కథ మన రైతుకూలీలకు ఎందుకంటారా? ఎందుకంటే దాని కాగితం ఇప్పటికీ మన మెడ మీద కూర్చునే ఉంది.

ముందు ఈ సరిహద్దు సంగతి చెప్పుకోవాలి. మన తరానికి గోదావరి అంటే ఏరు, దాని మీద వంతెన. మన తాతలకు అది రెండు రాజ్యాల పొలిమేర. అంతకుముందు రెండు గట్లూ ఒకే పాల్వంచ సంస్థానం కింద ఉండేవి. 1860లో నిజాము, ఇంగ్లీషువాళ్ళు ఒప్పందం రాసుకొని ఎడమగట్టు ఊళ్ళను, అంటే భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను, ఇంగ్లీషు ఇలాకాలో కలిపేశారు. అవి కొన్నాళ్ళు మధ్యపరగణాల్లో ఉండి 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు పోయినాయి. కుడిగట్టున మన బూర్గంపాడు నిజాం కిందనే మిగిలింది. ఇందులో ఏ కోయ పటేలునూ, ఏ కొండరెడ్డి పెద్దనూ ఎవరూ అడగలేదు. అన్న ఒక రాజ్యం, తమ్ముడు ఒక రాజ్యం. పిల్లనిచ్చిన ఊరు ఒక రాజ్యం, తెచ్చుకున్న ఊరు ఇంకొక రాజ్యం.

శ్రీరామనవమికి భద్రాచలం పోయే జనం ఈ గట్టున బండి విప్పి పడవెక్కి అవతలి రాజ్యంలో దిగేవాళ్ళు. దిగగానే డబ్బు మారేది. ఇక్కడ నిజాం హాలీ సిక్కా, అక్కడ ఇంగ్లీషు రూపాయి. ఆ ఇంగ్లీషు రూపాయినే మనవాళ్ళు కల్దారు అనేవాళ్ళు. ఏడు హాలీలు పెడితే ఆరు కల్దార్లు. సరుకు దాటాలంటే కరోడ్‌గిరి నాకా కాడ సుంకం కట్టాలి. 1965లో వంతెన తెరిచేదాకా పడవే దిక్కు. రైలు దిగాల్సింది కొత్తగూడెంలో. అక్కడి స్టేషనుకు ఇప్పటికీ భద్రాచలం రోడ్డు అనే పేరు. దేవుడు ఒక రాజ్యంలో, దేవుడి రైలు స్టేషను ఇంకొక రాజ్యంలో!

ఇంతకీ ఆ రాజ్యం ఎట్లాంటిది? 82 వేల చదరపు మైళ్ళ నేల, 1941 లెక్కల్లో కోటీ 63 లక్షల జనం. సొంత నాణెం, 1918 నుంచి సొంత నోట్లు, సొంత తపాలా బిళ్ళలు, సొంత రైళ్ళు, సొంత సైన్యం. 1918లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టి పై చదువులన్నీ ఉర్దూలో చెప్పించారు. ఇంగ్లీషులో కాకుండా దేశభాషలో డాక్టరీ, ఇంజనీరింగు చెప్పొచ్చని చూపించిన గొప్పతనం దానికుంది, కాదనను. కానీ ఆ రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువాళ్ళు. ఆ తర్వాత మరాఠీలు, కన్నడిగులు. ఉర్దూ మాట్లాడేవాళ్ళు ఎనిమిదో వంతు. రైతు బిడ్డకు బడే లేదు, ఉన్నా తెలుగు లేదు. 1921లో హైదరాబాదు సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచి ఆంధ్రజనసంఘం పుట్టింది, అది పెరిగి ఆంధ్రమహాసభ అయింది. సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 కింద అనుమతి కావాలి. గ్రంథాలయం పెట్టినా అనుమానమే.

కాలం కూడా ఆ రాజ్యానికి సొంతమే. సంవత్సరం ఫసలీ. దానికి 590 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. నెలలు ఆజూర్, దయ్, బహమన్... పాత దస్తావేజుల్లో ఈ తేదీలు చూసి మన కుర్రవాళ్ళు బిత్తరపోతారు. ఫసల్ అంటే పంట. అంటే పంట లెక్కన, శిస్తు వసూలు లెక్కన కట్టిన సంవత్సరం అది. రైతు కోసం కాదు, రైతు దగ్గర వసూలు చేయడం కోసం.

భూమి మూడు రకాలు. దివానీ సర్కారుది. సర్ఫెఖాస్ నిజాం సొంత ఖర్చులకు. తక్కినవి జాగీర్లు, సంస్థానాలు, మక్తాలు. మన పాల్వంచ అట్లాంటి సంస్థానమే. వీటి కింద దేశ్‌ముఖులు, పటేలు, పట్వారీలు. ఊళ్ళో పట్వారీ కలమే రాజ్యం. వాడు పహాణీలో ఎవరి పేరు రాస్తే వాడిదే భూమి. దున్నేవాడు ఒకడు, రాసుకునేవాడు ఒకడు. దున్నేవాడికి మిగిలింది వెట్టి: దొర గడీలో నీళ్ళు మోయడం, అధికారి వస్తే బండి కట్టడం, గుడ్లు, నెయ్యి, మేకపిల్ల పుట్టించి ఇయ్యడం. అప్పు తెచ్చుకున్న గింజల మీద నాగు. యుద్ధకాలంలో గల్లా లేవీ వచ్చింది. పెద్ద రైతు ధాన్యం గాదెలోనే ఉండేది, చిన్న రైతు ధాన్యం గోనెల్లోకి పోయేది.

అడవిలో మాట వేరు. జంగ్లాత్ సిబ్బంది, కలప కంట్రాక్టరు, షావుకారు, ఈ ముగ్గురే అక్కడ సర్కారు. 1941లో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశస్థుడు, మానవశాస్త్రవేత్త, భార్యతో కలిసి పాపికొండల వైపు గూడేల్లో కొండరెడ్ల మధ్య ఉండి పుస్తకం రాశాడు. వెదురు, కలప నరికించే వ్యాపారులు రెడ్లను అప్పుల్లో బిగించి ఎట్లా పని చేయించుకునేవాళ్ళో అందులో వివరంగా ఉంది. ఆయన నిజాం సర్కారుకు సలహాదారు కూడా. ఆయన్ను పిలవడానికి కారణం దయ కాదు, భయం. 1940లో ఆసిఫాబాద్ అడవుల్లో జోడేఘాట్ దగ్గర కొమురం భీము పన్నెండు గూడేల గోండులను కూడగట్టి, మా భూమి మీద మా రాజ్యమే ఉండాలని తిరగబడి, పోలీసు తూటాలకు చనిపోయాడు. ఆ దెబ్బకు సర్కారు కళ్ళు తెరిచింది. వేల గోండు కుటుంబాలకు పట్టాలిచ్చింది. 1356 ఫసలీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాల కోసం ఒక రెగ్యులేషను తెచ్చింది. దీన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, మళ్ళీ వస్తాం.

ఇక 1947. ఇంగ్లీషువాళ్ళు పోతున్నారు. జూన్ నెలలో నిజాం ఫర్మానా వెలువడింది: తాను ఇండియాలోనూ చేరడు, పాకిస్తాన్‌లోనూ చేరడు, ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిన రోజు నుంచి సర్వస్వతంత్రుడు. ఆజాద్ హైదరాబాదు! జెండా ఉంది, పసుపుపచ్చ గుడ్డ మీద గుండ్రటి కుల్చా రొట్టె గుర్తు. ఖజానా ఉంది. సింగరేణి బొగ్గు ఉంది, 1945లోనే కంపెనీలో పెద్ద వాటా సర్కారు కొనేసింది. లేనివి రెండే: సముద్రం, జనం. సముద్రం కోసం పోర్చుగీసు వాళ్ళ మార్మగోవా రేవు మీద బేరం పెట్టాడు, కుదరలేదు. జనం కోసం మాత్రం ఆ బేరం కూడా పెట్టలేదు. కాశిం రజ్వీ చేతికి రజాకార్లను ఒదిలేశాడు.

నవంబరు 29న ఇండియాతో యథాతథ ఒప్పందం రాసుకున్నాడు. అటు లాయక్ అలీ ప్రధాని అయినాడు. పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల పత్రాలు అప్పుగా ఇచ్చాడు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి రాత్రిళ్ళు విమానాల్లో తుపాకులు దించాడు. ఇవతల యూనియన్ సర్కారు సరుకులు ఆపింది. చుట్టూ వేరే దేశపు నేలే అయినప్పుడు సొంత నాణెం తినడానికి పనికొస్తుందా? ఉప్పు పండే చుక్క నేల లేని రాజ్యం ఎంతకాలం నిలబడుతుంది? గడీల్లో ఏం తక్కువైందో తెలియదు కానీ, కొరత పడ్డది కూలి గుడిసెల్లోనే.

1948 ఆగస్టు 21న హైదరాబాదు తన మొర ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి రాసుకుంది. సెప్టెంబరు 16న పారిస్‌లో అది చర్చకు వచ్చేసరికి యూనియన్ సైన్యం లోపలికి వచ్చి మూడు రోజులైంది. 13న మొదలైంది, 17న నిజాం చేతులెత్తేశాడు. ఐదు రోజులు. ఆ మొరను కూడా తరవాత తనే వెనక్కి తీసుకున్నాడు. ఆ గందరగోళంలో నిజాం సర్కారు సొమ్ము పది లక్షల పౌండ్ల పైచిలుకు లండన్‌లో పాకిస్తాన్ రాయబారి ఖాతాకు మారింది. ఆ డబ్బు ఎవరిది? ఈ తగువు తెగడానికి 2019 అక్టోబరు దాకా పట్టింది. లండన్ హైకోర్టు అది ఇండియాకు, నిజాం మనవలకు చెందుతుందని తీర్పు చెప్పింది. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌండ్లు. డెబ్భై ఏళ్ళ నాటి బ్యాంకు చీటీకి అంత విలువ! ఎందుకంటే అది కాగితం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఆ రాజ్యంలోపలే, దాన్ని ధిక్కరించి, ఇంకొన్ని రాజ్యాలు పుట్టినాయి. వాటినీ ఎవరూ గుర్తించలేదు. కృష్ణా జిల్లా నందిగామ దగ్గర పరిటాల అనే ఊరుంది, ఇప్పుడది ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. చుట్టూ ఇంగ్లీషు ఇలాకా, నడుమ ఈ ఊరూ దీని పక్క పల్లెలూ మాత్రం నిజాంవి. అక్కడి జనం 1947లో నిజాంకు సలాం చెప్పేసి తమది స్వతంత్ర పరిటాల అని చాటుకున్నారు. ఇది చిన్న ముచ్చటే, కానీ ముచ్చటైన ముచ్చట.

పెద్దది నల్గొండ, వరంగల్, ఖమ్మం పల్లెల్లో లేచిన గ్రామరాజ్యం. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాక రగులుకుంది. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. ఒక ముస్లిం కవి నిజాం మీద తుపాకీ పట్టమన్నాడని ఇయ్యాల ఈ చరిత్రను మతం రంగులో అమ్ముకునేవాళ్ళు చెప్పరు. షోయబుల్లాఖాన్ అనే పత్రికా సంపాదకుణ్ణి రజాకార్లు నరికి చంపిన సంగతీ చెప్పరు. యూనియన్ సైన్యం వచ్చాక జరిగిన చావుల మీద సుందర్‌లాల్ కమిటీ వేసిన అంచనా 27 వేల నుంచి 40 వేలు. వాళ్ళలో ఎక్కువమంది పేద ముస్లిములు. అదీ చెప్పుకోవాల్సిందే.

గ్రామరాజ్యం ఎట్లా నడిచింది? ఊరు కూర్చొని పంచ్ కమిటీని ఎన్నుకునేది. దొర పారిపోయిన ఊళ్ళో తగాదాలు అదే తీర్చేది. వెట్టి రద్దు. అప్పుపత్రాలు బజార్లో కుప్పబోసి కాల్చారు. కూలీ రేటు పెరిగింది. ఆక్రమించుకున్న భూములు, బంజర్లు, ఆ తర్వాత దొరల మిగులు భూములు పంచారు. ఒకడికి ఎంత ఉండొచ్చన్న హద్దు మొదట్లో 500 ఎకరాలు పెట్టారు, తర్వాత 200కు, చివరికి మెట్ట 100, తరి 10కి దించారు. మొదటి హద్దు చూసి ఇప్పటి కుర్రవాళ్ళు నవ్వుతారు. జన్నారెడ్డి ప్రతాపరెడ్డి లాంటి దొర కింద లక్షన్నర ఎకరాలున్న రోజుల్లో అది నవ్వులాట కాదు. పుచ్చలపల్లి సుందరయ్య గారు ఇచ్చిన లెక్క ప్రకారం 3 వేల ఊళ్ళు, పంచిన భూమి 10 లక్షల ఎకరాలు. పార్టీ లెక్క అని ఎవరైనా కొంత తగ్గించుకున్నా, మిగిలేది తక్కువేం కాదు.

ఈ రాజ్యానికీ సంస్కృతి ఉంది. ఉస్మానియా చదువులు కాదు. బుర్రకథ, గొల్లసుద్దులు, సుద్దాల హనుమంతు పాట, బండి యాదగిరి పాట. కోయగూడేల్లో రేల పాటల వరసలోనే పోరాటం మాటలు చేరాయి. పీర్ల పండుగకు హిందువులూ సాయిబులూ కలిసి అలాయి చుట్టూ ఆడే ఊళ్ళు ఇవి. పోరాటం ఈ పండుగలను మాన్పించలేదు, వాటిలోకే పోయి కూర్చుంది.

కానీ ఒక్కటి జరగలేదు. పంచిన భూమికి కాగితం పుట్టలేదు. పుట్టే వీలూ లేదు. పంచ్ కమిటీకి రిజిస్టరు లేదు, మొహరు లేదు. జనం కాల్చింది అప్పుపత్రాలను, పట్వారీ దస్త్రాలను. కొత్తవి రాసుకునేంత వ్యవధి చరిత్ర ఇవ్వలేదు. పొలం గట్టు మీద రాయి పాతి, నలుగురూ సాక్ష్యంగా "ఇది నీది" అన్నారు. అదే పట్టా. యూనియన్ సైన్యం వెనకాలే పారిపోయిన దొరలు జీపుల్లో తిరిగొచ్చినప్పుడు వాళ్ళ సంచుల్లో పాత సేత్వార్లు, పట్టాలు ఉన్నాయి. కొత్త సర్కారు ఎవరి మాట వింటుంది? నలుగురి నోటి మాటా, నిజాం మొహరు ఉన్న కాగితమా?

ఆ నిజాం ఏమైనాడో కూడా చూడండి. 50 లక్షల రాజభరణం, ఆపైన సర్ఫెఖాస్‌కు బదులు డబ్బు. 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు ఆఖరు దాకా రాజప్రముఖ్ పదవి. గ్రామరాజ్యం నడిపినవాళ్ళకు జైళ్ళు, నల్లా నర్సింహులు లాంటి వాళ్ళకు ఉరిశిక్షలు. దేశమంతా గోల చేస్తే ఆ ఉరులు ఆగినాయి. దళాలు మైదానంలో నిలవలేక గోదావరి అడవులకు, మన పాల్వంచ, ఇల్లందు వైపు వచ్చినాయి. అన్నం పెట్టిన పాపానికి కోయగూడేలను తగలబెట్టి, జనాన్ని తోలుకొచ్చి క్యాంపుల్లో కుక్కారు. సోయం గంగులు లాంటి కోయ వీరులు ప్రాణాలిచ్చింది ఈ నేల మీదే. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. క్యాంపుల్లోంచి గూడేలకు తిరిగొచ్చిన కోయకు తన చెలక మీద జంగ్లాత్ గీత కనపడింది. అట్లా సొంత భూమిలోనే ఆక్రమణదారు అయినవాళ్ళ మనవలు ఇయ్యాల పోడు దరఖాస్తులతో నిలబడ్డారు.

నిజాం కాలం నుంచి మంచిదేమీ రాలేదా అంటే వచ్చింది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న 1356 ఫసలీ రెగ్యులేషను ఉందే, అది 1359 ఫసలీలో మళ్ళీ తిరగరాయబడింది. ఆ దారిలోనే 1959 భూ బదలాయింపు రెగ్యులేషను, దానికి సవరణగా 1970లో 1/70 వచ్చినాయి. గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదన్న నియమానికి ఇక్కడ వేసిన పునాది కొమురం భీము నెత్తురు. కాబట్టి గిరిజనేతర పేదలకు న్యాయం అడిగినప్పుడల్లా 1/70ని సడలించమనే షావుకార్ల గొంతుతో మన గొంతు కలవనియ్యకూడదు. వాళ్ళు అడిగేది సెంటర్లో ప్లాట్ల కోసం, మన కూలీ అడిగేది రెండెకరాల చెలక కోసం.

2023 జూన్ ఆఖరులో తెలంగాణ సర్కారు సుమారు ఒకటిన్నర లక్షల గిరిజనులకు 4 లక్షల ఎకరాల పైచిలుకు పోడు పట్టాలు పంచడం మొదలుపెట్టింది. పోరాడితే వచ్చినాయి, సంతోషమే. గిరిజనేతర పేదల దరఖాస్తులు మాత్రం 75 ఏళ్ళ లెక్క కాడే ఆగిపోయినాయి. మన ప్రాంతంలో ఈ లెక్కకు ఇంకో చిక్కుంది. వరంగల్ జిల్లాలోంచి 1953లో ఖమ్మం జిల్లా విడిపోయింది, బూర్గంపాడు అందులోకి వచ్చింది. 1959లో భద్రాచలం కలిసింది. 2014లో పోలవరం ముంపు పేరుతో మన మండలంలోని కొన్ని ఊళ్ళు, కుకునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయినాయి. 2016లో మిగిలిన మనం భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయినాం. దస్త్రం ఎక్కడుందని అడిగితే ప్రతి ఆఫీసూ పక్క ఆఫీసును చూపిస్తుంది. నిజాం నాటి పాత దఫ్తరాలు చాలావరకు హైదరాబాదు తార్నాకలో రాష్ట్ర పురావస్తు పత్రాగారంలో ఉన్నాయి. ఫారసీలో, ఉర్దూలో, అదీ షికస్తా గొలుసు రాతలో. చదివేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పాలేరు కొడుకు అక్కడికి పోయి వెతుక్కోవాలా?

అక్కర్లేదు. చట్టం అట్లా అనలేదు, అట్లా అంటున్నది ఆఫీసులు. చట్టం కింది నియమాల్లో 13వ నియమం చూడండి. దరఖాస్తుదారు కాని ఊరి పెద్దలు చెప్పిన మాట రాసిపెడితే అది రుజువే. పాత బావి, బొందలగడ్డ, దేవత గద్దె, తాతలు పోసిన కట్ట రుజువే. ఇట్లాంటివి ఒకటి కంటే ఎక్కువ ఉండాలి, అంతే. 75 ఏళ్ళు అదే చెలక దున్నినట్టు చూపాలని కూడా లేదు, ఆ అడవి ప్రాంతంలో కాపురమున్నట్టు చూపితే చాలు. 2012లో చేసిన సవరణ ప్రకారం ఫలానా కాగితమే తెమ్మని డివిజను కమిటీ గానీ, జిల్లా కమిటీ గానీ పట్టుపట్టకూడదు.

అందుకని ఎనభై, తొంభై ఏళ్ళ పెద్దలు ఇంకా బతికున్న ఊళ్ళలో ముందు వాళ్ళ దగ్గర కూర్చోండి. ఏ గట్టున పుట్టారు, తండ్రి ఎవరి కింద పాలేరు, జంగ్లాత్ చౌకీ ఎక్కడుండేది, హాలీ రూపాయిలో కూలీ ఎంత ఇచ్చేవాళ్ళు, క్యాంపులో ఎన్నాళ్ళున్నారు అని అడిగి రాయండి. గ్రామసభలో చదివి వినిపించండి, వేలిముద్ర వేయించండి, తీర్మానంలో ఎక్కించండి. ఒక నకలు దరఖాస్తుకు పెట్టి ఇంకొకటి సంఘం దగ్గర ఉంచండి. వానలు మొదలై నాట్లలో పడితే మళ్ళీ ఎవరికీ తీరదు, ఈ ఎండాకాలంలోనే కానియ్యండి.